ఈల మోగిన చోట

గ్రిమ్స్‌బీలో, చేపల వేపుడు కొట్టు మీది గదిలో
నెలకో గురువారం ఏడుగురం కూర్చుంటాం.
మెట్లెక్కేసరికే కోట్లన్నీ వెనిగర్ వాసన.

నలభై ఒక్క ఏళ్ళు టీవీలో నడిచిన కథ మాది.
కాలంలో కొట్టుకుపోయే ఒక దీపస్తంభం,
దాన్ని కాసే కావలివాడు.
ముఖం మారుతుంది, గొంతు మారుతుంది,
అగ్గిపెట్టె మాత్రం మారదు.
అతని వెంట ఎప్పుడూ ఎవరో ఒకరుండాలి
ప్రశ్నలడగడానికి,
పరిగెత్తాల్సినప్పుడే మడమ బెణకడానికి,
చివరికి తలుపు తీసుకుని వెళ్ళిపోవడానికి.

విన్నీ ఆస్క్యూకి ఇడ్రిక్ తరవాత ఎవరూ ఆనరు.
"నక్షత్రం పేలుతుంటే
ముందు గొర్రెల్ని లెక్కపెట్టుకున్నాడు చూడు,
అదీ మనిషంటే!"
ముప్ఫై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన చెయ్యి
బల్ల మీద ఒక్కటి చరిస్తే
ఉప్పు సీసా ఎగిరి పడుతుంది.

ఉప్పంటే గుర్తొచ్చింది,
నోరిస్ ముందు ఉప్పు కథ ఎత్తకూడదు.
పద్నాలుగు వారాలు సముద్రం వెనక్కి పోతూనే ఉంది.
ఎవరు తాగారో చెప్పనే లేదు.
పదిహేనో వారం కొత్త రచయిత వచ్చి
అందర్నీ ఇంకో గ్రహం మీద దింపేశాడు.
"సముద్రాన్ని అలా మధ్యలో వదిలేస్తారా ఎవరైనా?"
నోరిస్ ఇప్పటికీ అడుగుతాడు,
తను ఎక్కిన ట్రాలర్లలో ఒక్కటీ మిగలని రేవులో.

టాంసిన్‌కి పందొమ్మిది.
మేం వారం వారం ఆకలితో తిన్నదాన్ని
ఒక్క చలికాలంలో కడుపారా తినేసి వచ్చింది.
"అందరిదీ ఒకటే కథ కదా," అంటుంది.
"అతనికి ఎవరూ లేరని
ప్రతిసారీ ఒకరు కొత్తగా నమ్మడం."
విన్నీ నమలడం ఆపింది.

ఇక మిగిలింది రోడా.
తడి కోటుతో వచ్చిన టైపిస్టు.
ఆమె వెళ్ళిపోయిన భాగం ఎక్కడా లేదు,
ఆ టేపు మీదే వాళ్ళు
ఏదో గుర్రపు పందెం ఎక్కించుకున్నారట.
ఉన్నదల్లా సిల్వెస్టర్ దగ్గరి శబ్దం.
పదకొండేళ్ళప్పుడు టీవీ ముందు మైకు పట్టుకుని
ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.
తలుపు కిర్రుమంది. రోడా "ఉం..." అంది.
అప్పుడే వంటింట్లో కెటిల్ ఈల వేసింది.

ఉంటాను అందా, ఉండను అందా?
ఆ ఒక్క సున్నా మీద
రెండు స్నేహాలు చెడ్డాయి, ఒక పెళ్ళి కుదిరింది.
సిల్వెస్టర్ మాత్రం ఏ పక్షమూ పట్టలేదు.
తప్పు వాళ్ళింటి కెటిల్‌ది కదా.

నిన్న టాంసిన్ ఒక కాగితం తెచ్చింది.
ఎవరో చనిపోతే ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన పెట్టెలో
ఆనాటి స్క్రిప్టు, నూట పన్నెండో పేజీ.
టీ మరక కింద రోడా ఆఖరి మాట:
"ఉండు, గొడుగు మర్చిపోయాను."

ఎవరం ఏమీ అనలేదు.
కింద నూనెలో ఏదో చుయ్యిమంది.
ముందు విన్నీ నవ్వింది,
తరవాత కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"గొడుగు..." అన్నాడు నోరిస్ నెమ్మదిగా.
"నల్లది. తలుపు వెనక కొక్కేనికి.
తరవాత నాలుగేళ్ళు ప్రతి భాగంలోనూ ఉంది.
సామాన్లే అనుకున్నాను."
ఇద్దరు కావలివాళ్ళు మారారు.
ఎవరూ దాన్ని తియ్యలేదు.

సిల్వెస్టర్ ఆ కాగితం వైపు చూడలేదు.
టేపు ఇంకోసారి పెట్టమన్నాడు.
రోడా కోసం కాదని
ఈల దగ్గర అతను కళ్ళు మూసుకున్నాకే తెలిసింది.
ఈల, ఈల, ఈడ్చుకొస్తున్న చెప్పులు,
మంట ఆర్పిన చప్పుడు.
అంతవరకూ మాలో ఒక్కరమూ విననిది,
ఒక ఆడమనిషి గొంతు, చాలా మెల్లగా,
"అయ్యో, రికార్డు చేస్తున్నావా?"

పన్నెండు దాటింది. కొట్టువాడు కింద దీపాలు ఆర్పాడు.
మెట్లు దిగుతూ కూడా నోరిస్ వదల్లేదు,
ఆ ఉప్పు కథలో వాన పడ్డ రాత్రి
గొడుగు కొక్కేనికి ఉందా, లేదా అని.