గంజి

ఐసు డబ్బా వద్దన్నాను.
పురుగూ పుట్రా పట్టుకురాబోయే వాళ్లంతా ఐసు మోస్తారు.
నేను మూడు ఫ్లాస్కులు మోశాను, మసిలే నీళ్లు పోసి,
వాటికి జలుబు చేయకూడదని.

గోదావరిఖని దాటాక ఆ మట్టిగుట్ట.
ఏళ్లుగా లోపల్లోపలే కాలుతోందట బొగ్గు.
వాన పడ్డ మర్నాడు ఆవిరి లేస్తుంది,
లోపలెవరో పొద్దుటి చాయ్ పెట్టుకున్నట్టు.
రిటైరైన ఓదెలన్న గడ్డపారతో ఒక్క పోటు పొడిచి
పక్కకు జరిగాడు.
"కడుపుల నిప్పున్నది బిడ్డా, గీడ ఏం బతుకుతది?"

థర్మామీటరు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది.
చెంచాడు మట్టి.
కాజీపేట ప్యాసింజర్లో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే
ఎదురు సీటావిడ పాలు ఎవరికని అడిగింది.
చంటిదానికే అన్నాను.

మే నెల. హనుమకొండ చౌరస్తాలో తారు చెప్పుకు అంటుకుంటోంది.
నలభై ఆరుకు మనుషులు పడిపోతున్నారు.
నా ఇంక్యుబేటర్లో నలభై ఆరుకు దించితే
అవి ముడుచుకు పడుకుంటాయి, పుష్యమాసపు కోళ్లలా.
కరెంటు పోయిన రాత్రి
ఊరంతా విసనకర్రలు వెతుక్కుంటుంటే
నేను దుప్పటి వెతికాను, డబ్బాకు చుట్టడానికి.

పదకొండు రోజులు ఏమీ లేదు.
పన్నెండో రోజు ప్లేటు మీద అయోడిన్ పోశాను.
గంజి ఉన్న చోటల్లా నీలం, నలుపుకు దగ్గరి నీలం.
ఒక్క చుక్క చుట్టూ మాత్రం
పావలా బిళ్లంత ఖాళీ.
కూచుని తిని, తిన్న జాగ తుడిచి లేచినంత శుభ్రంగా.
నేను పెట్టిన కేకకు పక్క గదిలోంచి షాహీన్ మేడమ్ వచ్చి
అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి
"భోజనమైందన్నమాట" అంది.

కొత్తవాడలో అమ్మ పడుగుకు గంజి పెడుతోంది.
కుంచె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.
గంజి తాగని పోగు మగ్గం దెబ్బకు ఆగదు.
నేను చెప్పాను:
నేశాక ఆ గంజి పోవాలి, లేకుంటే రంగు పట్టదు.
ఆమ్లంలో ఉడికిస్తే గంజితో పాటు పోగూ సగం పోతుంది.
నాది మసిలే నీళ్లలోనూ చావదు,
గంజినే కొరుకుతుంది, పత్తి జోలికి పోదు.

అమ్మ కుంచె ఆపింది.
"అంటే నేను వెట్టిన గంజి దీసెటందుకానే
నీ ఇన్నేండ్ల సదువు?"

నా దగ్గర జవాబు లేదు. గిన్నెలో పొద్దుటి అన్నం ఉంది.
ఒక ముద్ద పెట్టి, మింగకుండా నమలమన్నాను.
నమిలింది. నమిలింది.
"తియ్యగైంది. గిది నాకు చిన్నప్పటిసంది ఎర్కే."
అదే ఇది, అన్నాను. నీ నోట్లో ఉన్నదాని దూరపు చుట్టం.
నీది మసిలితే చస్తుంది,
ఇది మసులుతుంటేనే పనికి లేస్తుంది.

"అంత గట్టిగెట్లున్నదే?"

తనను తానే బిగించి అల్లుకుంది అమ్మా,
పొరలో పొర, ముడిలో ముడి,
వేడికి విప్పుకోకుండా.

"గంజి లేకుంటనే?"

అని, మళ్లీ కుంచె అందుకుంది.
ఎండకు పడుగు ఆరిపోతోంది, మాటలకు తీరికెక్కడిది.

రాత్రి రికార్డు బుక్కులో ఆ చుక్కకు నంబరు వేశాను,
ఉష్ణోగ్రత, తేదీ, మట్టి తెచ్చిన చోటు.
విశేషాలు అన్న గడిలో, పెన్సిల్‌తో,
మేడమ్ అడిగితే చెరపొచ్చులే అనుకుని:
గంజి లేకుంటనే.