ఎడమ చెవి మీద మచ్చ

వేల్స్ కొండల్లో ఎలునెడ్ మాట్లాడే భాషలో
గ్లాస్ అంటే నీలం.
పచ్చిక రంగూ గ్లాసే,
వాన ముందు పలకరాతి బూడిదా గ్లాసే.
పసుపునీ ఆకునీ ఒకే నోటితో పచ్చ అనే నాకు
ఇందులో వింతేం తోచలేదు.

ఆవిడ కుక్క పేరూ అదే.
బూడిద మీద నల్లసిరా చిలకరించినట్టు ఒళ్ళు,
మెడ చుట్టూ తెల్ల పట్టీ, తోక కొసన కాస్త తెలుపు,
కళ్ళ పైన రెండు తేనెరంగు చుక్కలు.
నిద్రపోయినా మేలుకున్నట్టే ఉంటుంది.
గొర్రెలు నమ్ముతాయి.

పక్క కొండ మెయిరిగ్ కుక్కదీ అదే సిరా ఒళ్ళు.
కంచె ఎవరు దాటారో, ఎప్పుడు దాటారో,
ఫిబ్రవరిలో, కొట్టంలో, ఉన్ని సంచుల మీద
ఐదు పిల్లలు.

రెండు నల్లవి, మూతి మీద పాలగీత.
రెండు తల్లి పోలిక.
ఐదోది ఒట్టి తెలుపు.
ఎడమ చెవి మీద మాత్రం
బొటనవేలి ముద్రంత నీలం,
ఎవరో ఎత్తి చూసి, వద్దనుకుని, దించేసినట్టు.

"సిరాకి సిరా కలిస్తే ఇంతే" అన్నాడు మెయిరిగ్
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని.
"రంగు లేని చెవికి వినికిడి ఉండదు.
తెల్లకుక్కని గొర్రె లెక్కచెయ్యదు.
మంచులో నీకే కనపడదు."
నీళ్ళ బకెట్ వైపు చూశాడు గానీ
ఆ మాట ఎత్తలేదు.

నాలుగో వారం, వెనకనించి
ఎలునెడ్ రేకు పళ్ళెం జారవిడిచింది.
నాలుగు తలలు లేచాయి.
ఐదోది పాలు తాగుతూనే ఉంది.

ఈల జేబులో పడింది. చేతులు నేర్చుకున్నాయి:
ఎడమకి చాపితే చుట్టు తిరుగు,
పైకెత్తితే పడుకో.
కానీ కాపలాకుక్క గొర్రెని చూడాలి కదా,
ఇది మాటిమాటికీ ఆమెనే చూస్తుంది.
పందేలకి పనికిరాలేదు.
నిజం చెప్పాలంటే, మందకీ అంతంతే.
పేరు కూడా పెట్టలేదు,
పిలిస్తే వినేదైతే కదా.

మార్చిలో ఆఖరి మంచు.
చూడిగొర్రె ఒకటి తప్పిపోయింది, వెంట ఇదీ.
చీకటి పడేదాకా తెలుపులో తెలుపుని వెతికింది ఎలునెడ్.
అరిచి ఏం లాభం. అయినా అరిచింది.

అప్పుడు గట్టు మీద
ఒక బొటనవేలి ముద్ర నడిచి వచ్చింది.
గొర్రె లేదు. ఒక్కతే వచ్చింది,
వచ్చి, వెనక్కి తిరిగి, ఆగి, ఆమెనే చూసింది.

గొర్రె దొరికింది, పిల్ల దక్కలేదు.

ఆ రాత్రి పొయ్యి దగ్గర
ఎలునెడ్ బొటనవేలితో తన ఎడమ చెవి తాకింది.
తోక ఊగింది.

ఇప్పుడు సంతలో మెయిరిగ్ దాని సంగతి అడగాలంటే
నోరు తెరవడు.
టోపీ కాస్త పైకి జరిపి
చెవి తాకుతాడు.