కరెంటు పోయిన గంట

తాడిపత్రిలో మా వీధికి రెండు పక్కలా బండల పాలిష్ మిషన్లే.
నేను మాట్లాడాలంటే కరెంటు పోవాల.

గోడలకు బొంతలు కట్టి,
బియ్యం డబ్బా మీద ఫోన్ నిలబెట్టి,
"మిగులు విలువ అంటే ఏమి" అని మొదలుపెట్టినా.
మొదటి వీడియో పదకొండు సార్లు తిరిగింది,
అందులో నాలుగు సార్లు నేనే.

ఆరేళ్లు.
హైదరాబాదు సభలో ఎర్ర కండువా కప్పినారు,
ఒకసారి కేసు పెట్టినారు,
ఒకసారి చానెలే మాయమైంది, మళ్లీ సున్నా నుంచి.
లక్ష దాటినాక మంచి మైకు కొన్నా.
అది మిషన్ మోతను నున్నగా చెరిపేసేది.

రాతిదుమ్ము మీద నలభై రెండు నిమిషాల వ్యాసం:
చరిత్ర, లెక్కలు, వెనక సన్నగా వయొలిన్.
పెద్దాసుపత్రి మంచం మీద
కుళ్లాయప్ప మామకు చూపించినా.
ఏడో నిమిషానికి నిద్రపోయినాడు.

లేచి, దగ్గు ఆగినాక అన్నాడు:
"బాగా సెప్పినావు లేబ్బీ.
అడుగు బండకు మాకెంత ఇస్తారో
యాడా సెప్పలేదే?
ఆ మిషన్ సప్పుడు యాడికి పాయ?"

నిన్న మైకు తీసి పక్కన పెట్టినా.
కరెంటు ఉండంగానే తలుపు బార్లా తెరిచి
మా వీధి కూలిరేట్లు చదివినా,
ఒక్కో ఫ్యాక్టరీ, పేరు పేరునా,
మోత మీద గొంతు చించుకుంటా.
నాలుగు నిమిషాలు.

చూసినోళ్లు తక్కువే.
మధ్యాన్నం సద్ది విప్పేయాళకు
పక్క షెడ్డులో ఎవరో ఫోన్ సౌండు పెంచినారు.
గోడ అవతల నుంచి ఓబులమ్మ అరిచింది:
"మాది తప్పు సదివినావు,
రూపాయి తక్కువ!"