పలచన

నలభై నానోమీటర్ల నయోబియం పొర
తొమ్మిది కెల్విన్ దగ్గర పడిపోయింది.
ఇక్కడ పడిపోవడమంటే గెలవడం.
నిరోధం గీత నిట్టనిలువునా జారి
సున్నా మీద పడుకుంటుంది.

ఇరవైకి కొంచెం ఆలస్యం.
పదికి ఏడున్నర.
ఐదు మాత్రం ఐదు కెల్విన్ దాకా బతిమాలించుకుంది.

మత్తికెరె చివరి బస్సు పోయాక
మూడు నానోమీటర్ల పొరని
హీలియంలోకి దించాను,
నూతిలోకి చేద వదిలినట్టు.

"ఇంకో గంటే మేడమ్" అన్నాడు వెంకటముని,
మట్టం చూసి.
ముళబాగిలు తెలుగు ఆయనది,
సగానికి సగం కన్నడ నీళ్ళు కలిసింది.
లీటరు ధర తెలిసినవాడు,
డబ్బా పక్కన దగ్గడు కూడా.

నాలుగు. మూడు. రెండు.
గీత వంగలేదు.
చల్లబడేకొద్దీ పైకే లేచింది.

జంటలు విడిపోయాయనుకునేదాన్ని మొదట్లో.
విడిపోవట, చాలాసార్లు.
పొర మరీ పలచనైతే
పక్క జంట అడుగుల చప్పుడు
ఈ జంటకి వినపడదట.
ఎవరి తాళం వాళ్ళది.
ఊరేగింపు మాత్రం ఉండదు.

మా ఆత్రేయపురంలో
బోర్లించిన కుండ మీద తడిగుడ్డ లాగి
పూతరేకు తీసే వీరమ్మత్త
వెలుతురుకి ఎత్తి చూసేది.
అవతల నా మొహం కనపడితేనే రేకు.
ఆ అత్తే
అప్పు అడిగొచ్చిన రోజు
"పలచనైపోయానే" అని
పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.
రెండింటికీ ఒకటే మాట
ఎవరు పెట్టారో.

మొన్న సెమినార్‌లో
నాలుగో ఏడు కూడా పేపర్ లేదని
ఎవరో నవ్వినప్పుడు
ఆ మాట నాకూ సరిపోయింది.

వెంకటముని పొట్లం విప్పాడు.
రెండు చపాతీలు, వేరుశనగ పొడి.
"ఈ రేకూ లోహమే కదా మేడమ్?
దీనికీ ఇంతేనా?"

కాదు.
అల్యూమినియం దారే వేరు.
పలచనయ్యేకొద్దీ
ఇంకాస్త వెచ్చదనంలోనే సున్నాకి చేరుతుంది.
ఎందుకో, పెద్దవాళ్ళ తగువు ఇంకా తెగలేదు.

ఆయన రేకుని దీపం వైపు ఎత్తి చూశాడు,
అచ్చం వీరమ్మత్తలా.
"ఇది చాలా మందం వెంకటముని గారూ,
ఇంకో వెయ్యి రెట్లు తగ్గాలి."
"అయ్యో," అని
దాన్ని నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నాడు.
"ఇప్పుడింకా చెడగొట్టానా?"

బయట వాన మొదలైంది,
రేకుల షెడ్డు మీద, ఎవరి తాళం వాళ్ళదిగా.
పుస్తకంలో రాశాను:
మూడు నానోమీటర్లు. సున్నా రాలేదు.
కింద, మార్జిన్లో, పెన్సిల్‌తో:
రేపు అల్యూమినియం.