పదకొండు మెట్లు

"తిరుపతి బస్టాండు దగ్గర తక్కువ రేటు రూములు"
ఈ ఆరు మాటలూ ఒక్క పేజీలో
పద్నాలుగు సార్లు రావాలన్నాడు మా దామోదరం సారు.
రాశాను.
మొదటి వాక్యంలో ఒకసారి, ఫొటో కింద ఒకసారి.
మంచినీళ్ళ గురించి చెప్పే చోట కూడా ఇరికించాను,
ముగ్గురి సీట్లో నాలుగోవాడు
కొంచెం జరగండి సామీ అన్నట్టు.

గూగులు మెచ్చింది.
నెల తిరిగేసరికి వెతికిన వాళ్ళందరికీ
మా కుసుమా లాడ్జే ముందు కనబడింది.
సారు పాలకోవా పంచాడు.
వచ్చిన వాళ్ళు తొమ్మిది సెకన్లు నిలబడి
వెళ్ళిపోతున్నారని
లెక్కల్లో చివరి గడి చెప్తూనే ఉంది.
ఆ గడిదాకా ఎవరూ చూడరు.

మా చెంగల్రాయుడు మామ
ఇరవై రెండేళ్ళు ఇదే లాడ్జికి బస్టాండులో గొంతు.
మద్రాసు బస్సొస్తే అరవంలో
బెంగుళూరు బస్సొస్తే కన్నడంలో
రూమ్ రూమ్ రూమ్ అని.
నా పేజీ పైకొచ్చిన నెలలోనే
ఆయన్ని ఇంక రావద్దన్నారు.
ఇప్పుడు అదే బస్టాండు బయట
గుండ్లకి టోపీలు అమ్ముతాడు.

ఒక సాయంత్రం బండి పక్కన కూర్చోని
నేను రాసింది చదివి వినిపించాను.
కోప్పడతాడనుకున్నా.
ఆరోసారికి నవ్వాడు.
"ఏం పాపా, మనిషి తిరుక్కున్నాక కూడా
ఇంకా అరస్తానే ఉండావే?"

టోపీకి ఊడిన దారం పళ్ళతో తెంపి, అన్నాడు:
"కేక బస్సుకి.
కెయ్యకుంటే నువ్వుండేది ఎవురికి తెలస్తాది?
అది తప్పు గాదు.
ఒకడు తల తిప్పి చూస్తాడే, ఆడ నిలిపెయ్యాల.
దగ్గరికి పోయి గొంతు దించాల.
వాని వెనక ఎవురు దిగతా ఉండారో చూడాల.
ముసిలామె అయితే మెట్ల మాట చెప్పాల.
చంటిబిడ్డ అయితే పాలు యాడ దొరకతాయో చెప్పాల.
కొత్త పెండ్లోళ్ళయితే
ఏమీ అడక్కుండా పెట్టె ఎత్తుకోవాల."

ఆ రాత్రి పద్నాలుగులో పది కొట్టేశాను.
నాలుగు ఉంచాను, కేకకి.
ఖాళీ అయిన చోట రాశాను:
లిఫ్టు ఉంది, కానీ మొదటి అంతస్తు నుంచే.
అక్కడిదాకా పదకొండు మెట్లు ఎక్కాలి.
వేన్నీళ్ళు తెల్లవారి మూడింటికి వస్తాయి,
మొదటి బకెట్టు చల్లగా ఉంటే వదిలెయ్యండి.
గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు
చందనం కౌంటర్లో అడగండి, డబ్బులక్కర్లేదు.

మెట్ల సంగతి ఎవరైనా చెప్పుకుంటారా
అని సారు అరిచాడు. తీసెయ్యమన్నాడు.
పేజీ నాలుగో చోటికి జారింది.
రేపు తీస్తా సార్, రేపు తీస్తా అంటూ
మూడు వారాలు లాగాను.

నిన్న మధ్యాహ్నం ఫోను.
హోసూరు నుంచి ఎవరో ఆడమనిషి,
అరవం కలిసిన తెలుగు.
రేటు అడగలేదు.
"ఆ పదకొండు మెట్లకి పట్టుకునేదానికి కమ్మీ ఉందామ్మా?
మా అత్తకి ఎడమ చెయ్యి పడిపోయింది."

నాకు తెలీదు.
పదకొండన్నది మామ చెప్పిన లెక్క.
నేను రాసిన మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు.

లైన్లో ఉండండమ్మా అని
ఫోను చెవికి పెట్టుకునే ఆఫీసు దిగి, రోడ్డు దాటి
లాడ్జిలోకి పోయాను.
కమ్మీ ఉంది, కుడివైపు. కొంచెం ఊగుతుంది.
పట్టుకుని, లెక్కపెడుతూ ఎక్కాను.

పన్నెండు.