అడ్డగీత

గ్రిమ్స్‌బీ చేపల రేవు, రెండో అంతస్తు.
కిటికీ అద్దానికి ఉప్పు పట్టింది.
నా ముందు ముప్ఫయ్యారేళ్ల వేలం చిట్టా,
నాలుగు లక్షల పైచిలుకు వరసలు.
తేదీ, పడవ పేరు, చేప రకం, తూకం
ఒకే తాడుకి గుచ్చిన ఎండుచేపల్లా.

మొదటి రోజు ఆబకు పోయాను.
చుక్కా నక్షత్రం కలిపి
ఏదైనా సరే, ఎంతైనా సరే అన్నాను.
అది వరస చివరిదాకా మింగి
కడుపులో ఇమడక
ఒక్కో అక్షరమే కక్కుకుంటూ వెనక్కి నడిచింది.
టీ చల్లారింది. ఫ్యాను గుర్రుమంది.
వెయ్యి వరసలకే భోజనాల వేళయింది.

రెండో రోజు బుద్ధిగా
వరస మొదట్లో మేకు కొట్టాను.
నమూనాను లూపు బయటే ఒకసారి వండిపెట్టుకున్నాను,
ప్రతి విస్తరికీ పొయ్యి రాజెయ్యకుండా.
పడవ పేరుకు కామా వరకే అనుమతి.
ఇదో, అదో అని చెప్పే నిలువు గీత గీస్తుంటే
తొమ్మిదో తరగతి, సుందరీబాయి టీచరు,
గణాలు విడగొట్టమన్న పద్యం.
అక్కడ ఇదే గీత లఘువు.
గిన్నెలా వంగితే గురువు.
అర్థం తెలియకముందే
నా పెన్సిలు కింద పద్యం ముక్కలయ్యేది.

ఈసారి నాలుగు సెకన్లు.
ప్రతి వరసా ఒక వస్తువై లేచి నిలబడింది.
పడవా అంటే పడవ పలికింది,
తూకమా అంటే తూకం.
పందొమ్మిది మాత్రం పలకలేదు.

తూకం ఉండాల్సిన చోట అడ్డగీత.
అంకెలే రావాలన్నాను కదా,
నా నమూనా వాటిని గడప తొక్కనివ్వలేదు.
తిరిగిరాని పడవలనుకుని
గొంతు తడారి కిందికి పరిగెత్తాను.

పాత గుమాస్తా కీత్ ఓల్డ్‌రాయిడ్
చూసి పగలబడి నవ్వాడు.
"కాటా చెడిపోయిందమ్మాయ్!
ఆ వారమంతా కళ్లతోనే తూచాం."
వేలితో వరసలు దిగుతూ వచ్చాడు.
కాటా. ఇదీ కాటా. ఇది మంచు పట్టిన కాటా.
పదిహేడో దాని దగ్గర
పడవ పేరు రెండుసార్లు చదివి
"దీని సంగతి ఈడిత్‌ని అడుగు" అని
టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈడిత్ ఎవరో నాకు తెలీదు.
పైకొచ్చి, అడ్డగీతనూ రానిచ్చి,
అంకెల పక్కన ఒక ప్రశ్నార్థకం చేర్చాను:
ఉంటే ఉండొచ్చు, లేకుంటే లేదు.
సున్నా వెయ్యలేదు.
సున్నా అంటే తూచి చూసినట్టు.
ఖాళీగా వదిలేసి
పక్కన ఇంకో చిన్న గది కట్టి
అందులో ఆ వరసను కోయకుండా పెట్టాను,
ఎవరో పొరపాటున కొట్టిన
చివరి కామాతో సహా.