తెగడానికే ఉన్న బోల్టు

గుణుపురం దాటి, వంశధార ఒడ్డున
తొమ్మిదేళ్ళు ఎవరూ దిగని పొలం.
బండి మీంచి చూస్తే పొలం లేదు.
మనిషెత్తు రెల్లు, దాని మీదికి పాకిన పిచ్చికాకర,
గట్టేదో గొయ్యేదో తెలీని పచ్చదనం.

"గంటకెంత బాబూ?" అంది తవిటమ్మ.
"పదకొండొందలు. డీజిలు నాదే."
మీటరు చూపించాను. సదువు రాదంది.
చెంగుకి ముడేసుకుంటానంది,
గంటకో ముడి.

ముందు కర్రతో కలియదిరిగాను.
తీగలుంటే చెప్పు, నుయ్యుంటే ఇప్పుడే చెప్పు.
"నుయ్యి నేదు. పడమటేపు ఒక రాయుండాల.
మా బావగారిద్దరూ దానికోసమే
కోర్టు మెట్లు అరగదీసినారు."
తీర్పు ఒడియాలో వచ్చిందట,
చదివి చెప్పిన గుమస్తా
తెలుగులో రెండొందలు తీసుకున్నాడట.
రాయి ఏ గుబురులో ఉందో ఆవిడకీ తెలీదు.

"దూరంగా నిలబడమ్మా, రాయి ఎగిరితే తూటాయే."
లివరు దించాను.
వెనక స్లాషర్ మొదట దగ్గింది,
తర్వాత ఒకే గొంతున అందుకుంది.
రెల్లు పడటం చప్పుడు కాదు, వాసన.
పచ్చిది, కాస్త వగరు, మధ్యలో ఎక్కడో అడవి తులసి.
గొలుసుల తెర కిందనుంచి పొట్టు పొట్టుగా
తొమ్మిది వానాకాలాలు బయటపడ్డాయి.
ఎవరు కబురెట్టారో కొంగలొచ్చేశాయి,
మిడతల మీద వాటికి ఏనాటి పగో.

రెండో ముడి పడ్డాక
ఠప్.
ఇంజను తిరుగుతోంది, కత్తులు తిరగడం లేదు.
ఆపి, దిగి చూస్తే కత్తి కింద రాయి,
చెక్కిన రాయి, నెత్తిన సున్నం మచ్చ ఇంకా ఉంది.
షాఫ్టు దగ్గర బోల్టు రెండు ముక్కలు.

తవిటమ్మ రాయి వైపు చూడనే లేదు.
"అదేటి బాబూ, ఇరిగిపోనాది?"
"తెగడానికే ఉందమ్మా అది.
దెబ్బ తగిలితే ముందు అదే తెగాలి,
లేకపోతే గేరుబాక్సు పోద్ది. యాభైవేలు."
"దీనికెంతేటి?"
"పదిహేను రూపాయలు. డబ్బాలో ఇంకా నాలుగున్నాయి."
"గట్టిది ఎయ్యకూడదా?"
"కాశీనగరం మేస్త్రీ వేశాడొకసారి.
బండి మూడు నెలలు షెడ్డులో పడుకుంది."

ముక్కని అరచేతిలోకి తీసుకుంది, ఇంకా వేడిగానే ఉంది.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, కొంగలతో అన్నట్టు,
"మా ఇంట డబ్బా నేదు బాబూ.
నానొక్కదాన్నే."

కొత్త బోల్టు బిగించాను.
రాయి చుట్టూ మూరెడు మేర కొయ్యకుండా వదిలేశాను,
ఎందుకో అడగలేదు ఆవిడ, నేనూ చెప్పలేదు.

పొద్దు కొండ దిగేసరికి
దుప్పటి లాగేస్తే బయటపడ్డ కాళ్ళలా
గట్లు కనబడ్డాయి.
వేలు చాపి ఒక్కో పేరూ చెప్పింది తవిటమ్మ.
బోదె మడి. గేదె దిగబడ్డ మడి.
ఉద్ధవ బెహరా కోడిపందెంలో ఓడిపోయిన మడి.
ఆ మూలది చిన్నది, దానికి పేరెట్టే తీరికెవరికీ దొరకలేదు.

నేను కోసింది పైపైనే, అది చెప్పి తీరాలి.
వేళ్ళు కిందే ఉన్నాయి, రెండు వానలు పడితే మళ్ళీ లేస్తాయి.
చెప్పాను.
"తెలుసు" అంది.

ముడులు విప్పి లెక్కెట్టింది. నాలుగు.
మీటరూ అదే అంది, పది నిమిషాలు తక్కువ.
ఐదో ముడి విప్పలేదు,
అందులో ఏదో బరువుగా వేలాడుతోంది.

రేవు దాకా వచ్చాక డబ్బా తెరిచి చూసుకున్నాను.
మూడున్నాయి.
రేపు బజారుకెళ్ళి
డజను కొనాలి.